జీతం తగ్గిస్తామని కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాలా?

పైడిభీమవరంలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నానని, ఆర్డర్లు పడిపోయాయంటూ వచ్చే నెల నుంచి 30 శాతం జీతం తగ్గిస్తామంటున్నారని, సంతకం పెట్టకపోతే తీసేస్తారేమోనని రాశారు. ఇవాళే పెట్టేయాలన్న టెన్షన్ వద్దు. ముందు ఆ కాగితంలో ఒక్క విషయం చూడండి: డబ్బు కోస్తున్నారా, వాయిదా వేస్తున్నారా? వాయిదా అయితే అది కంపెనీ మీకు పడ్డ బాకీ. కోతకు ఒప్పుకుంటే మాత్రం ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

2020 లాక్‌డౌన్‌లో నేను విజయనగరం దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. ఏప్రిల్ జీతం సగమే పడింది. తర్వాత ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, 'సంస్థ ఇబ్బందుల దృష్ట్యా నా ఇష్టపూర్వకంగా తగ్గింపుకు అంగీకరిస్తున్నాను' అని. ఎంత తగ్గిస్తారో, ఎన్నాళ్లో లేదు. తేదీ దగ్గర కూడా ఖాళీ. బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన దాన్ని తిరగేసి చూసి, "ఏటి రాసుందో సూడకుండా సంతకం ఎట్టకు బాబూ" అన్నాడు. మేం కొందరం కూర్చుని వేరే లెటర్ రాశాం: మూడు నెలలు పావు వంతు ఆపుకోండి, ఆపింది మార్చిలోగా ఇచ్చేయండి, పీఎఫ్ జోలికి రావద్దు అని. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాం. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది. వాళ్లిచ్చిన కాగితం మీదే సంతకం పెట్టినవాళ్లకు పైసా రాలేదు.

లాక్‌డౌన్‌లో పూర్తి జీతం ఇవ్వాలని కేంద్రం 2020 మార్చి 29న ఆర్డర్ ఇచ్చిన మాట నిజమే. మే 18 నుంచి దాన్ని వెనక్కి తీసుకుంది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా యాజమాన్యాలూ కార్మికులూ మాట్లాడుకుని తేల్చుకోమంది. కాబట్టి ఆ ఆర్డర్ పట్టుకుని ఇప్పుడు వెళ్తే పని జరగదు. మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో, పెన్షన్లలో కొంత వాయిదా వేసింది. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంటే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. తగ్గించింది గానీ కొట్టెయ్యలేదు. అది ప్రభుత్వ ఉద్యోగుల కేసు, మీకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ బేరానికి కూర్చున్నప్పుడు బాగా పనికొస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కార్మికుల జీతం మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ నియమం పాత చట్టంలోనూ ఉండేది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా పడాలి. ఎంత కష్టకాలమైనా కనీస వేతనం కన్నా తగ్గించకూడదు. రావాల్సిన జీతం కోసం మూడేళ్లలోపు క్లెయిమ్ వేసుకోవచ్చు. మేనేజర్లకు, నెల జీతం 18 వేలు దాటిన సూపర్‌వైజర్లకు ఆ 21 రోజుల నోటీసు రక్షణ ఉండదు. వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటరే ఆధారం.

యజమాని కష్టం నిజమే కావచ్చు. రోజూ గేటు దాటి ఎన్ని లారీలు వెళ్తున్నాయో మీకే బాగా తెలుసు. కష్టం నిజమనిపిస్తే కొంత తగ్గండి, కానీ గడువు రాయించుకోండి. సంతకం తప్పకపోతే పక్కనే 'తాత్కాలిక వాయిదాకు మాత్రమే' అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకోండి. రాజీనామా మాత్రం ఎవరు అడిగినా రాయకండి.

మాటలతో తేలకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి. ఒక్కరే కాకుండా నలుగురు కలిసి వెళ్తే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్ పట్టుకెళ్లండి. కోర్టు దాకా వెళ్లాల్సివస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఇంకొకటి, మీ పే స్లిప్ మీద కంపెనీ పేరుందా, కాంట్రాక్టరు పేరుందా? కాంట్రాక్టరుదైతే, అతను జీతం ఎగ్గొట్టినా కంపెనీయే ఇవ్వాలి. అప్పుడు అర్జీలో ఇద్దరి పేర్లూ పెట్టాలి. చూసి చెప్పండి, లెటర్ ఎలా రాయాలో పంపిస్తాను.