విండోస్ మార్చమని ఇస్తే నా అకౌంటే తీసేశారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ మీదే శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ చేసి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నాను. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని చెప్పడంతో మావారు కంప్యూటర్‌ను ఒక సర్వీస్ షాపులో ఇచ్చి విండోస్ 11 వేయమన్నారు. 2,500 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నా యూజర్ అకౌంట్ లేదు, వేరే పేరుతో కొత్తది ఉంది. పేజ్‌మేకర్ ఫైళ్లు, మా బాబు అన్నప్రాసన ఫొటోలు, తెలుగు టైపింగ్‌కు వాడే అను కీబోర్డు సెట్టింగులు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఏవీ లేవు. అడిగితే, 'డేటా కావాలని ముందే చెప్పాలి, డేటాకు మా బాధ్యత లేదని బిల్లు వెనక ఉంది చూసుకోండి' అన్నారు. మళ్లీ చూస్తామని కంప్యూటర్ తీసుకున్నారు. ఇప్పుడు చెకింగ్ చార్జీ 1,500 కడితేనే ఇస్తామని, రికవరీకి ఇంకో 15,000 అవుతుందని అంటున్నారు. వాళ్ల మీద పోలీసు కేసు పెట్టొచ్చా? నేను దీని మీద సంపాదించుకుంటున్నాను కాబట్టి వినియోగదారుల కోర్టుకు వెళ్లే హక్కు ఉండదని ఒకరు చెప్పారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: వినియోగదారుల కమిషన్‌కు మీరు నిక్షేపంగా వెళ్లొచ్చమ్మా. కేసులో బలం కూడా ఉంది. కాకపోతే కమిషన్ డబ్బు ఇప్పించగలదు కానీ చెరిగిపోయిన ఫొటోను తెచ్చివ్వలేదు. అందుకని ముందు డేటా సంగతి చూసుకుని, తర్వాత కేసు దగ్గరికి వద్దాం. చాలామంది కోపంలో ఈ వరుస తిరగేస్తారు. నోటీసులు పంపి, నెలలు గడిచాక రికవరీ వాళ్ల దగ్గరికి వెళితే అప్పటికి డిస్కులో ఏమీ మిగిలి ఉండదు.

ఇది చదవగానే షాపు నంబరుకు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. కంప్యూటర్‌ను ఆన్ చేయవద్దని, అందులో ఏ సాఫ్ట్‌వేరూ వేయవద్దని, డిస్కు మార్చవద్దని తేదీతో సహా రాయండి. ఇలా రాయడం వల్ల రెండు ఉపయోగాలున్నాయి. పాత హార్డ్ డిస్కు అయితే చెరిపేసిన ఫైలు, దాని చోటులో కొత్తది వచ్చి పడేదాకా సాధారణంగా అక్కడే ఉంటుంది. వాళ్లు 'చూస్తున్నాం' అంటూ ఆన్ చేసిన ప్రతిసారీ ఆ చోటు కొంత పోతుంటుంది. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు అయితే ఆశ తక్కువ. చెరిపేసిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు తనంతట తానే ఖాళీ చేసేస్తుంది. రెండో ఉపయోగం కేసుకు సంబంధించింది. మీరు వద్దని రాశాక కూడా వాళ్లు డిస్కును కెలికితే, ఆ తర్వాత పోయినదానికి సాకు చెప్పుకోవడం వాళ్లకు కష్టం.

కంప్యూటర్ చేతికి వచ్చాక, డిస్కు గురించి తెలిసిన మనిషిని కూర్చోబెట్టి సి డ్రైవ్ చూడమనండి. ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ మీదే కొత్తది వేసి ఉంటే 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్ ఉండాలి. అందులో యూజర్స్ అనే చోట మీ పాత అకౌంట్ పేరుతో డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోలు అన్నీ ఉంటాయి. విండోస్ దాన్ని మామూలుగా 10 రోజులే ఉంచి తీసేస్తుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. కొందరు అకౌంట్‌ను మాత్రమే తీసేసి ఫోల్డర్‌ను వదిలేస్తారు. అప్పుడు ఫోల్డర్ కనిపిస్తుంది, తెరవబోతే అనుమతి లేదంటుంది. దాన్ని చూసి డేటా పోయిందని అనుకోకండి. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ నుంచి ఆ ఫోల్డర్ యాజమాన్యం మార్చుకుంటే తెరుచుకుంటుంది. డిస్కు, విండోస్‌లోనే ఉండే తాళం ఏర్పాటైన బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవారైతే ఆ కీ సాధారణంగా అక్కడే సేవ్ అయి ఉంటుంది.

సెట్టింగుల విషయంలో మాత్రం కొంత సర్దుకోవాల్సి వస్తుంది. అకౌంట్ సెట్టింగులు ఎన్‌టీయూజర్ అనే ఫైలులోనూ, యాప్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డర్‌లోనూ ఉంటాయి. ఆ ఫోల్డర్ దొరికినా బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు పాత అకౌంట్ తాళంతోనే ముడిపడి ఉంటాయి. కాపీ చేసినంత మాత్రాన కొత్త అకౌంట్‌లో పనిచేయవు. మీరు క్రోమ్‌లో జీమెయిల్‌తో సింక్ పెట్టుకుని ఉంటే మళ్లీ లాగిన్ కాగానే అవే వస్తాయి. వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లు ఎవరైనా చెరిపేసినా వ్యక్తిగత అకౌంట్లలో 30 రోజుల దాకా దాని రీసైకిల్ బిన్‌లో దొరుకుతాయి. ప్రెస్సు వాళ్లకు మీరు పంపిన పీడీఎఫ్‌లు మెయిల్‌లో 'సెంట్'లో ఉంటాయి, అన్నప్రాసన ఫొటోలు ఏ పిన్నిగారి ఫోన్‌లోనో ఉంటాయి.

లాయరు జవాబులో ఇవన్నీ ఎందుకని అనుకోకండి. నష్టం జరిగినప్పుడు దాన్ని తగ్గించుకోవడానికి మీ చేతిలో ఉన్న మార్గాలనూ లెక్కలోకి తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. 'మెయిల్‌లో ఉన్న ఫైళ్లను కూడా పోయినవాటి లెక్కలో చూపించారు' అని ఎదుటి లాయరు ఒక్కటి నిరూపిస్తే చాలు, మీ మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది. దొరికినవి దొరికాయని చెప్పి, నిజంగా పోయినవే అడగండి.

ఇక హక్కు సంగతి. వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవారు వినియోగదారులు కారన్న మాట చట్టంలో ఉంది, మీకు చెప్పినాయన అక్కడితో ఆగిపోయారు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం 2(7) సెక్షన్ కిందే వివరణ కూడా ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడం కోసమే వాడుకుంటే అది వ్యాపార అవసరం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చెబుతూ తీసుకున్న ఉదాహరణ మీ పనికి దగ్గరి చుట్టమే. టైప్‌రైటర్ కొనుక్కుని, ఇతరుల పనులు తానే టైప్ చేసుకుంటూ బతికేవాడు వినియోగదారుడేనంది. టైప్‌రైటర్ పోయి డీటీపీ వచ్చింది, సూత్రం మారలేదు. జీతాలిచ్చి ఆపరేటర్లను పెట్టుకుని నడిపే సెంటర్ అయితే నా జవాబు వేరుగా ఉండేది. ఫిర్యాదులో 'ఇంట్లో నేనొక్కదాన్నే చేసుకునే పని, ఇదే నా జీవనాధారం' అన్న వాక్యం తప్పకుండా రాయండి. అది రాయక ఓడిపోయేవాళ్లున్నారు.

బిల్లు వెనక రాత గురించి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో కొరియర్ సంస్థ బాధ్యతను పరిమితం చేసే షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. షాపు తరఫు లాయరు మొదట తీసేది ఆ తీర్పే. అయితే అక్కడ పంపినవారు షరతులున్న కాగితం మీద సంతకం పెట్టారు. మీ విషయంలో ఆ రాత ఎప్పుడు చేతికొచ్చిందన్నదే అసలు ప్రశ్న. కంప్యూటర్ ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ (పని వివరాలు రాసే కాగితం) మీద మీవారితో సంతకం పెట్టించుకున్నారా, లేక పనంతా అయ్యాక డబ్బు కట్టినప్పుడు ఇచ్చిన బిల్లు వెనక ఉందా అన్నది చూసుకోండి. రెండోదైతే, పని ఒప్పుకున్న నాటికి లేని షరతు తర్వాత వచ్చి అతుక్కోదని గట్టిగా వాదించొచ్చు. మొదటిదైనా ఆశ వదులుకోనక్కర్లేదు. అనుకోకుండా డిస్కు పాడైతే బాధ్యత లేదనడం వేరు, అడగకుండా తామే చెరిపేసి బాధ్యత లేదనడం వేరు. ఒక జాగ్రత్త చెబుతాను. 'ఇది అన్యాయపు కాంట్రాక్టు, రద్దు చేయండి' అని విడిగా కోరకండి. ఆ రకం ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీరు సేవాలోపం మీదే నిలబడండి.

సేవాలోపం ఎక్కడుందంటే, మనం అప్పగించిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అంటుంది. విండోస్ 10 నుంచి 11కి మారేటప్పుడు ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగులు అలాగే ఉంచే ఏర్పాటు మైక్రోసాఫ్టే ఇచ్చింది. ఫైళ్లు ఉంచాలా, ఏమీ ఉంచొద్దా అని సెటప్‌లోనే అడుగుతుంది. మెషిన్ పాతది, ఆ పద్ధతి కుదరలేదని షాపు అనొచ్చు, అది నిజమే కావచ్చు కూడా. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగాక ఇలా పాత మెషిన్లు షాపులకు చాలానే వచ్చాయి. అయినా అకౌంట్ తీసేసే ముందు ఒక ఫోన్ చేసి అడగడం, లేదా యూజర్స్ ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చేయడం ఆ వృత్తిలో ఉన్నవాడికి తెలియని విషయం కాదు. మీరు అడిగింది విండోస్ మార్చమని. అకౌంట్ తీసేయమని కాదు. జాబ్ షీట్‌లో 'విండోస్ 11 అప్‌గ్రేడ్' అని రాశారా, 'ఫార్మాట్' అని రాశారా అన్న ఒక్క పదం మీద కేసు సగం ఆధారపడుతుంది. ఫార్మాట్ అని రాసి, మీవారు సంతకం పెట్టి ఉంటే మాత్రం నిజం చెప్పాలి, కేసు బాగా పలచబడుతుంది.

పోలీసు కేసు ఆలోచన మానుకోండి. ఐటీ చట్టం 43వ సెక్షన్ కంప్యూటర్‌లోని సమాచారాన్ని అనుమతి లేకుండా చెరిపేయడం గురించి మాట్లాడుతుంది. అది నేరంగా మారి 66వ సెక్షన్ కిందికి రావాలంటే మోసపు బుద్ధి గానీ నిజాయితీ లేని ఉద్దేశం గానీ ఉండాలి. అజాగ్రత్తకు జైలు లేదు. మీ పాస్‌వర్డ్‌లు వాడినా, ఫొటోలు కాపీ చేసుకుని ఎవరికైనా పంపినా అప్పుడు సంగతి పూర్తిగా వేరు. అలాంటి ఆనవాలేమీ మీ ఉత్తరంలో లేదు. ఎందుకైనా మంచిది, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి ఇవాళే మార్చేయండి.

కంప్యూటర్ ఆపి ఉంచుకునే హక్కు షాపుకు కొంతవరకే ఉంది. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్నట్టు చేస్తే, ఆ పని కూలి వచ్చేదాకా వస్తువును ఉంచుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతుంది. 2,500 మీరు ఎప్పుడో కట్టేశారు. తాము చేసిన తప్పును తామే చూడటానికి చార్జీ వేసి, దానికోసం మెషిన్ పట్టుకోవడం నా దృష్టిలో చెల్లదు. అయినా డిస్కు త్వరగా చేతికి రావడం ముఖ్యం కాబట్టి 'అభ్యంతరంతో కడుతున్నాను' అని మెసేజ్ పెట్టి, యూపీఐలోనే 1,500 కట్టి తెచ్చుకోండి. తర్వాత వసూలు చేసుకోవచ్చు. ఆ 15,000 రికవరీ పని మాత్రం ఆ షాపుకే ఇవ్వకండి. వేరే డేటా రికవరీ వాళ్లకు ఇచ్చి, ఏ ఫైళ్లు దొరికాయి, ఏవి పోయాయి, డిస్కు ఎప్పుడు ఫార్మాట్ అయినట్టు కనిపిస్తోంది అని రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. బిల్లు, రిపోర్టు రెండూ సాక్ష్యాలే.

ఫిర్యాదు కాకినాడ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, షాపు వేరే ఊళ్లో ఉన్నా మీరుండే చోట వేసే హక్కు వినియోగదారుల పరిరక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. చెల్లించిన సొమ్మును బట్టి ఫీజు లెక్కిస్తారు, 5 లక్షల దాకా ఫీజే లేదు. గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని షాపులు అక్కడే దిగివస్తాయి. రాకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

కోరాల్సినవి: కట్టిన 2,500, అభ్యంతరంతో కట్టిన 1,500, రికవరీ బిల్లు, పోయిన ఆదాయం, మానసిక వేదన, ఖర్చులు. ఆదాయానికి ఆర్డర్ల పుస్తకం, యూపీఐ జమలు జతచేయాలి. ఫొటోల గురించి మీరు పడే టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఇలాంటి కేసుల్లో లక్షలు వస్తాయని ఆశపెట్టుకోవద్దు, రుజువు చూపించిన ఖర్చు మీద వేలల్లో పరిహారం వస్తే అది మంచి ఫలితమే. చట్టం 3 నెలల్లో తేల్చాలంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇంకో మాట, లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ మెషిన్‌లో ఉండి ఉంటే దాన్ని నష్టాల జాబితాలో చేర్చకండి. ఎందుకో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

బిల్లు మీవారి పేరున ఉన్నా ఫరవాలేదు. ఆయన అనుమతితో సేవను వాడుకున్న మీరూ వినియోగదారులే. ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా సంతకం పెట్టండి. షాపుతో మెసేజ్‌లు ఆయన ఫోన్‌లో ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో మీ బదులు ఆయనే సంతకం పెట్టాలి. కేసు తేలేదాకా ఆ ఫోన్ మార్చవద్దని, ఆ చాట్ చెరపవద్దని ఆయనకు చెప్పండి.