చిన్న వయసులో గుండె లయ తప్పితే ఏ మందులు?

విశాఖలో ఉంటున్న మీ తమ్ముడికి 28 ఏళ్లకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు, ఏ మందులు వాడాలని అడిగారు. ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్ పరీక్ష కావాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కార్డియాలజీ ఓపీలో చూపించండి.

వేగం తగ్గించడానికి సాధారణంగా మెటోప్రొలాల్. ఆస్తమా ఉంటే డిల్టియాజెమ్. లయ నిలబెట్టే ఫ్లెకైనైడ్ గుండె నిర్మాణం బాగుంటేనే, అదీ మెటోప్రొలాల్ లాంటిది తోడుంటేనే. ఒక్కటే వాడితే ఫ్లట్టర్‌గా (పై గదులు ఒకే తీరున అతివేగంగా కొట్టుకునే లయ) మారి గుండె వేగం నిమిషానికి 200 దాటొచ్చు. అమియోడరోన్ గట్టి మందే గానీ థైరాయిడ్‌ను, ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. కుర్రవాళ్లకు ఏళ్ల తరబడి వద్దు. ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ (పుట్టుకతోనే గుండెలో అదనపు విద్యుత్ దారి) ఉంటే డిల్టియాజెమ్, డిగాక్సిన్ ప్రమాదం, అబ్లేషనే (ఆ దారిని గొట్టం ద్వారా కాల్చేయడం) మేలు.

కీళ్లవాతం జ్వరంతో మైట్రల్ కవాటం బాగా బిగుసుకుపోయి ఉంటే (మన దగ్గర ఇది కొత్తేం కాదు) రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ తప్పదు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూపే పరీక్ష) 2–3 మధ్య ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పని తగ్గిస్తుంది, అయినా పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం కట్టలు కట్టలు, మరో వారం అసలు లేకుండా మాత్రం తినకూడదు.

స్పృహ తప్పితే వెంటనే 108.