ఆడవాళ్ళకి వేట సరదా ఏంటి అని అడిగారు కదా

“మా ఆవిడకి గాలం వేయడమంటే పిచ్చి, ఆదివారం వస్తే పిల్లల్ని కూడా కాలవగట్టుకి తీసుకెళ్తానంటుంది, ఆడవాళ్ళకి ఈ వేట సరదా ఏంటి, పిల్లలకి ఇది మంచిదేనా?” అని అడిగారు. మంచిదే. పంపించండి. వీలైతే మీరూ వెళ్ళండి. ఫోను జేబులో పెట్టుకుని రెండు గంటలు ఆవిడ పక్కన కూర్చుంటే ఈ ప్రశ్న మీకే రాదు.

మాది విజయవాడ. నా పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర ఒక పల్లె. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న చేతిలోంచి గాలం కర్ర లాక్కున్నాను, మధ్యలో కొన్నేళ్ళు తప్పితే ఇప్పటికీ వదల్లేదు.

వేట అనగానే చాలామందికి తుపాకీ గుర్తొస్తుంది. మా వైపు వేట మాంసం అంటే కొట్లో కొనే మేకమాంసం. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు వేటకెళ్తున్నాం అంటారు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డున ఆగిపోతే దాన్ని వేట నిషేధం అంటారు. గాలం కూడా వేటే. మా తాతయ్యకి మాత్రం నిజంగానే లైసెన్సు తుపాకీ ఉండేదట. పల్నాడు వైపు చుట్టాల ఊరెళ్ళి కుందేళ్ళు, కముజు పిట్టలు కొట్టుకొచ్చేవాడట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తుపాకీ అటకెక్కింది, తర్వాత స్టేషన్లో అప్పగించేశారు, నేను దాన్ని చూడనేలేదు. ఇప్పుడు కుందేలుని పట్టినా కేసే, అలాగే ఉండాలి కూడా. ఎవరైనా “కుందేలు దొరికింది, కావాలా” అని వస్తే వద్దని మొహం మీదే చెప్పండి. తుపాకీ పోయినా తాతయ్య చెవి మాత్రం పోలేదు. పొలం గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, పిట్ట కూత విని, అదిగో ఆ తుమ్మ కింద ఉంది అని వేలు పెట్టి చూపించేవాడట. నాన్నకి ఆ చెవి వచ్చింది. తుపాకీకి బదులు వెదురు కర్ర వచ్చింది. నాకూ ఆ కర్రే.

నాన్న నేర్పిన మొదటి పాఠం, గాలం దారానికి కట్టి నీళ్ళ మీద తేలే బెండు చూడటం. మా బెండు నెమలి ఈక కాడ ముక్క. పరిగెల్లాంటి చిన్న చేపలు గిల్లుతుంటే బెండు వణుకుతుంది, ముల్లుకి గుచ్చిన వానపాముని కొంచెం కొంచెంగా తినేసి పోతాయి, లాగితే ఖాళీ ముల్లు వస్తుంది. జెల్ల పట్టుకుంటే బెండుని పక్కకి ఈడ్చుకుపోతుంది. దాన్ని తీసేటప్పుడు రెక్క ముల్లు చేతికి దిగిందంటే సాయంత్రం దాకా సలుపే. కొర్రమీను పడితే బెండు ఒక్కసారిగా కనిపించకుండా పోతుంది. కంగారుపడి అప్పుడే లాగితే నోట్లోంచి ఎర జారిపోతుంది, దారం బిగిసేదాకా ఆగాలి. ఆ ఆగడం నాకు చదువులో పనికొచ్చింది, ఉద్యోగంలో పనికొచ్చింది, కాపురంలో ఇంకా ఎక్కువ పనికొచ్చింది.

పదమూడేళ్ళప్పుడు పెద్దమనిషినయ్యాక అమ్మ నా కర్ర పొయ్యిలో పెట్టేసింది. ఊళ్ళో వాళ్ళేమనుకుంటారో అన్న భయం ఆవిడది. నాన్న ఏమీ అనకుండా వారం తర్వాత ఇంకొకటి కోసుకొచ్చి, ముల్లు దారం కట్టి, పసుపు కొమ్ములు పోసే కొట్టంలో పెట్టాడు. తెల్లారుజామున ఎవరూ లేవకముందే ఇద్దరం వెళ్ళొచ్చేవాళ్ళం. ఇంటర్‌లో హాస్టలు, తర్వాత డిగ్రీ, పెళ్ళి. పెళ్ళయ్యాక దాదాపు తొమ్మిదేళ్ళు కర్ర ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, కానీ ఎవరూ అడగనూ లేదు, నాకూ అడగాలని తోచలేదు. ఆడవాళ్ళ సరదాలు చాలావరకు ఇలాగే పోతాయి, గొడవ లేకుండా. 2020 లాక్‌డౌన్‌లో పుట్టింట్లో చిక్కుకుపోయాను. కాలవలు కట్టేసిన రోజులు, మడుగుల్లో మాత్రమే నీళ్ళున్నాయి. నాన్న కొట్టంలోంచి ఆ పాత కర్ర తీసి నా చేతికివ్వకుండా మా పాప చేతికిచ్చాడు. దానికప్పుడు ఆరేళ్ళు. అది రెండు నిమిషాల్లో “అమ్మా నువ్వు పట్టుకో” అని నాకు ఇచ్చేసింది. అంతే, మళ్ళీ మొదలు.

అసలు చెప్పాలనుకున్నది పోయినేడు ఆగస్టు సంగతి. పాప, నేను, మా అత్తయ్య పొద్దున్నే తెనాలి ప్యాసింజరెక్కి దుగ్గిరాలలో దిగాం. అత్తయ్యకి అరవై ఎనిమిదేళ్ళు. “ప్రతి వారం తల్లీ కూతుళ్ళు ఏం చేసొస్తారో ఈసారి నేనూ చూస్తాను” అని వచ్చింది. నాన్న స్టేషన్ దగ్గర ఆటోతో ఉన్నాడు. ముందు రోజు రాత్రి వాన పడింది. నాట్లు వేసిన చేలలో కొంగలు, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. పొలాల్లో నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ గట్టు మీద తుమ్మ చెట్టు కింద గోనెసంచి పరిచి అత్తయ్యని కూర్చోబెట్టాం. పెద్ద కాలవలో నీళ్ళు జోరుగా ఉంటాయి, కొర్రమీనుకి నిలవ నీళ్ళు, నాచు, తూటికాడ పొదలు కావాలి, అందుకని నాన్న ఎప్పుడూ డ్రెయిన్ మీదికే తీసుకెళ్తాడు.

తొమ్మిదింటి దాకా నాలుగు పరిగెలు, ఒక చైనా గొరక. పాప ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఇంట్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల. ఉన్నట్టుండి దాని బెండు కనిపించలేదు. లేచి నిలబడింది. “ఆగు తల్లీ, ఆగు, దారం బిగవనీ” అన్నాడు నాన్న. నేను నోరు మూసుకున్నాను, మూసుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. “ఇప్పుడు కొట్టు!” కర్ర విల్లులా వంగింది. చేప తూటికాడల్లోకి దూరబోతుంటే పాప వెనక్కి లాగుతూ తడి గట్టు మీద జారింది, నేను వెనకనుంచి చొక్కా పట్టుకున్నాను. బయటికొచ్చింది చూడండి, నా ముంజేతంత పొడుగు, నల్లగా, పాము తలలాంటి తల, గట్టు మీద పడి తోకతో కొట్టుకుంటోంది. నాన్న తడి తువ్వాలు కప్పి పట్టుకున్నాడు.

“ముప్పావు కిలో ఉంటుంది అన్నయ్యగారూ, చింతపండు నానబెట్టేయొచ్చు” అంది అత్తయ్య. దాన్ని బూడిద రాసి రాతిమీద ఎలా తోమాలో, జిగురు పోకపోతే పులుసు ఎలా నీచు కొడుతుందో పాపకి చెప్పడం కూడా మొదలుపెట్టింది.

పాప వినట్లేదు, నీళ్ళవంక చూస్తోంది. “అమ్మా, అక్కడ నీళ్ళు ఎర్రగా ఉడుకుతున్నాయి” అంది.

తూటికాడ పక్కన, అన్నం పళ్ళెమంత మేర, నీళ్ళ పైన ఎర్రగా సన్నగా ఏదో కదులుతోంది. ఒక్కచోట ఉండకుండా ముద్దలా లేస్తోంది, మునుగుతోంది. నాన్న చూసి మాట్లాడలేదు కాసేపు. తర్వాత చెప్పాడు, అవి కొర్రమీను పిల్లలు, కొన్ని వందలుంటాయి, వానల్లో గుడ్లు పెట్టాక పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ వాటి కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. “ఆకలికి పట్టినట్టు లేదు తల్లీ ఇది. నీ ఎర పిల్లల మీదికొచ్చిందని కోపంతో పట్టుంటుంది.”

ఇది తెలిసినవాళ్ళు కొందరు సరిగ్గా ఇదే చేస్తారు. ఎర్ర ముద్ద కనిపిస్తే చాలు, ముల్లుకి కప్పపిల్లని గుచ్చి ఆ పిల్లల మధ్యలో ఆడిస్తారు, తల్లి రాక తప్పదు. అదీ వేటేనంటారు. నేను ఒప్పుకోను. కాపలా పోయిన పిల్లల్ని లకుముకి పిట్టలు, జెల్లలు, వేరే కొర్రమీన్లు తినేస్తాయి, ఒక చేప కోసం ఆ గట్టు మీద రాబోయే చేపలన్నిటినీ పోగొట్టుకోవడమే.

నాన్న మాత్రం వదిలెయ్ అని చెప్పలేదు. “నీ చేప. నువ్వు చెప్పు” అన్నాడు. అది పాప పట్టిన మొదటి కొర్రమీను. స్కూల్లో చెప్పుకోవడానికి ఫోటో కూడా తీయలేదింకా. “రెండోది ఉంది కదా తాతయ్యా, అది చూసుకోదా?” అని అడిగింది. “చూసుకోవచ్చు. చూసుకోలేకపోవచ్చు.” పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేప వంక, ఎర్ర ముద్ద వంక, నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను, నా మొహం చూసి నిర్ణయించుకుంటుందేమోనని. “వదిలేద్దాం తాతయ్యా” అంది.

కొర్రమీను గాలి పీల్చుకునే చేప, కాసేపు బయట ఉన్నా ఏమీ కాదు. నాన్న ముల్లుని మెల్లగా వెనక్కి తిప్పి తీశాడు. పాప రెండు చేతులతో నీళ్ళలో పెట్టింది. చేప వెంటనే పోలేదు, పాప అరచేతుల మధ్య మొప్పలు ఆడిస్తూ రెండు మూడు క్షణాలు ఆగింది, అప్పుడు పోయింది. ఎర్ర ముద్ద చెదిరిపోయింది. పది నిమిషాలకి రెండు గజాల అవతల మళ్ళీ లేచింది, దాని కింద నల్లగా కదిలింది, గుబుక్కుమని గాలి మింగిన చప్పుడు వినిపించింది.

అప్పుడు అత్తయ్య చెప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పని మాట. వాళ్ళ ఊళ్ళో చెరువు ఎండే రోజుల్లో పిల్లలంతా బురదలో చేతులు పెట్టి చేపలు పట్టేవాళ్ళట. పదేళ్ళప్పుడు ఈవిడ చేతికి పెద్ద కొర్రమీను దొరికిందట. వాళ్ళన్నయ్య దాన్ని తీసుకెళ్ళి నేనే పట్టానని ఊరంతా చూపించాడట. “ఆడపిల్ల పట్టిందంటే ఎవరు నమ్ముతార్లే అని నేనూ ఊరుకున్నాను” అంది. అరవై ఏళ్ళకి దగ్గరపడుతోంది, ఆ చేప ఎంత పొడుగుందో ఇప్పటికీ మోచేతి మీద కొలిచి చూపిస్తోంది. మీరు ఆడవాళ్ళకి ఈ సరదా ఏంటి అని అడిగారు. ఇదీ. ఈ సరదా ఎప్పటినుంచో ఉంది, పేరే మాకు దక్కలేదు.

ఇక నాకు కోపం తెప్పించేవి చెప్తాను. విజయవాడ ఊరి మధ్యలోంచి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ వెళ్తాయి. 1855 నాటికే ఇక్కడ కృష్ణకి ఆనకట్ట కట్టారు, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇన్ని నీళ్ళు పెట్టుకుని మన పిల్లలు నీళ్ళలో ఆడటానికి టికెట్టు కొనుక్కుంటున్నారు. కాలవగట్టుకి వెళ్తే ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క, కంపు. రెండోది, గట్టు మీద మగవాళ్ళకి చెట్టు చాటు చాలు, మాకు ఎక్కడా బాత్రూమ్ ఉండదు, పొద్దున్నే మంచినీళ్ళు కూడా తాగకుండా బయల్దేరతాం. మూడోది, “మీవారు రాలేదా?” అన్న ప్రశ్న. ముప్పై ఏళ్ళ కిందటే గాలం కట్టడం వచ్చిన నాకు, ముల్లు ఎలా కట్టాలో నేర్పించబోయినవాళ్ళున్నారు. నాలుగోది అన్నిటికంటే ఘోరం, నీళ్ళలోకి కరెంటు వదిలి పట్టడం. చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ చచ్చి తేలతాయి, ఆ తీగలు పట్టుకున్న మనుషులూ పోతారు.

పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు కాస్త చూసుకోవాలి. నది దగ్గరికి, బ్యారేజీ గేట్ల దరిదాపుల్లోకి అసలు వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన వరద పోవడం చూశాం కదా, కృష్ణతో ఆటలొద్దు. లోతు తెలిసిన చెరువో డ్రెయినో, ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, చెరువుని వేలంలో పాడుకున్నవాళ్ళుంటే వాళ్ళ అనుమతి తీసుకుని వెళ్ళండి. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా చాలు. ముల్లు మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్ళే తీయాలి. గాలం వద్దనుకుంటే చలికాలంలో గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి తీసుకెళ్ళండి, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉంటాయి. అక్కడ గాలం తీయకూడదు. మా పాప గంటన్నర కదలకుండా ఒక గూడబాతునే చూసింది, బెండు చూసినట్టు.

ఆ ఆగస్టు రోజు సాయంత్రం మేము తిన్నది టమాటా పప్పు, నాలుగు పరిగెల వేపుడు. మరుసటి ఆదివారం పాప మళ్ళీ అక్కడికే వెళ్దామంది. కొర్రమీను పిల్లల రంగు కాస్త మారింది, ఎరుపు తగ్గి మట్టిరంగు తిరిగింది. ఆ చోటు వదిలి గట్టు వెంబడి రెండొందల అడుగులు అవతలికి పోయి గాలాలు వేశాం. ఆ రోజు అత్తయ్యకి రెండు జెల్లలు పడ్డాయి. ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక మూడు కర్రలుంటాయి. అత్తయ్యది కొంచెం పొట్టిది, మోకాళ్ళ నొప్పులకి ఆవిడ కూర్చునే వేస్తుంది, నాన్నే కొలత చూసి కోసిచ్చాడు.