పగడాలకు లంఖణం వద్దు

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. ఇంట్లో 60 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టె) ఉంది. పరీక్ష చేసిన ప్రతిసారీ నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నీళ్లు అద్దంలా ఉన్నా పగడాలు పాలిపోతున్నాయి. ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు పేరుకుంటోంది. నేను చేస్తున్న పొరపాటు ఏమిటి?
- ఒక పాఠకురాలు

జవాబు: పొరపాటు ఆ రెండు సున్నాల్లోనే ఉందమ్మా. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలే (ఆల్గే) దానికి వంటవాళ్లు. వెలుతురుతో చక్కెర తయారుచేసి పెడతాయి. వాటికి నైట్రేట్‌లోని నత్రజని, ఫాస్ఫేట్‌లోని భాస్వరం కావాలి. సరుకులన్నీ బయట పారబోసి వంట కాలేదంటే ఎలా?

నేనూ ఈ దెబ్బ తిన్నవాణ్ణే. ఒకసారి ఫాస్ఫేట్ 0.2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.2 వంతు) కనిపించేసరికి కంగారుపడి, ఫాస్ఫేట్‌ను పీల్చేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు రెట్టింపు పోశాను. మూడు రోజుల్లో సున్నాకు దిగింది. వారం తిరక్కుండానే నా కొమ్మ పగడానికి మొదట్లోంచి చర్మం ఊడి, తెల్లటి అస్థిపంజరం బయటపడింది. 0.2 ఉన్నప్పుడు అది నిక్షేపంగా ఉండేది!

ఆ జిగురు రాత్రి లైటు ఆర్పాక తగ్గి, మధ్యాహ్నానికి మళ్లీ బుడగలతో లేస్తోందా? అయితే డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ సూక్ష్మజీవులు కావచ్చు. పిల్లల మైక్రోస్కోపు ఉంటే ఒక చుక్క వేసి చూడండి. మిగతా శైవలాలు ఆకలితో తగ్గిపోయిన చోట ఇవి రాజ్యమేలుతాయి.

ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు వాడుతుంటే ముందు అవి తీసేయండి. స్కిమ్మర్ (నీళ్లలోని మలినాలను నురగగా తీసే యంత్రం) పగలు ఆపి రాత్రి నడపండి. చేపలకు మేత కాస్త పెంచండి. నైట్రేట్ అప్పటికీ లేవకపోతే శుద్ధమైన సోడియం నైట్రేట్ వాడవచ్చు. రాళ్లూ ఇసుకా పోగా మీ ట్యాంకులో 200 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుంటే, 0.27 గ్రాములు 1 పీపీఎం పెంచుతుంది. రోజుకు అంతకు మించవద్దు. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నాకు చాలు. ఫాస్ఫేట్ కొన్నాళ్లు సున్నా దగ్గరే మొరాయించవచ్చు. ముందు రాళ్లు పీల్చుకుంటాయి, ఆ తర్వాతే నీళ్లకు మిగులుతుంది.

మీ మీటరు ఏది చూపుతోందో కూడా సరిచూసుకోండి. కొన్ని ఫాస్ఫేట్‌ను కాక భాస్వరాన్ని పీపీబీల్లో (వంద కోట్ల భాగాల్లో వంతులుగా) చూపుతాయి. దాన్ని 3.066తో హెచ్చించి వెయ్యితో భాగించాలి. అంటే తెర మీది 20 నిజానికి 0.061 పీపీఎం ఫాస్ఫేట్. ఈ లెక్క తెలియక ఏడాది పాటు తప్పుడు అంకెలు రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

హైదరాబాద్ నుంచి ఇదే అడిగినవారికి ఒక మాట: మన దేశంలో గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. దుకాణంలో ఎవరు చూపించినా కొనకండి.