జేడబ్ల్యూఓ పానెల్లో పేరొచ్చింది, ఉండాలా వచ్చేయాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయనగరం జిల్లా. 2007లో ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరాను. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే విమానం బాడీ మరమ్మతులు చేసేవాణ్ణి, ఇప్పుడు సార్జెంట్‌ని. 2027తో ఇరవై ఏళ్ల ఎంగేజ్‌మెంట్ (సర్వీసు ఒప్పందం) పూర్తవుతుంది. ఈ మధ్యే సార్జెంట్ పై ర్యాంకైన జూనియర్ వారంట్ ఆఫీసర్ (జేడబ్ల్యూఓ) ప్రమోషన్ పానెల్లో, అంటే ఎంపిక జాబితాలో, నా పేరు వచ్చింది. ఎక్స్‌టెన్షన్‌కి ఒప్పుకుంటేనే ప్రమోషన్ అని సెక్షన్‌లో అంటున్నారు. నా భార్య మా ఊరి దగ్గరే ప్రభుత్వ టీచరు. పాప ఎనిమిదో తరగతి. నాన్నకు కిందటేడు పక్షవాతం వచ్చింది, అమ్మే చూసుకుంటోంది. బావమరిది బ్యాంకు పరీక్ష రాయమంటున్నాడు. ‘సార్జెంట్‌గానే వచ్చేశాడా’ అని ఊళ్లో అంటారేమోనని నాకు టెన్షన్. పనంటే ఇష్టమే సార్. ఎవరికీ అంతుపట్టని హైడ్రాలిక్ లీకేజీని నేను పట్టుకున్న రోజున ఆకలి కూడా తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు అభినందనలు. పానెల్లోకి పేరు రావడం చిన్న విషయం కాదు. స్టేషన్ పేరూ విమానం పేరూ ఎక్కడా రాయకుండా ఉత్తరం పంపారు, అది మరీ నచ్చింది.

నేనూ ఎయిర్‌ఫ్రేమ్ వాణ్ణే. సార్జెంట్ నుంచి మాస్టర్ వారంట్ ఆఫీసర్ దాకా వెళ్లి రిటైరయ్యి, ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాను. వారంట్ ర్యాంకుల్లో గడిపిన ఏళ్లంటే నాకు చాలా గౌరవం. ఆ గౌరవంతోనే చెబుతున్నాను, మీ విషయంలో నా మొగ్గు వచ్చేయడం వైపే. ఎందుకో చెబుతాను.

డబ్బు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఏడో వేతన సంఘం లెక్కలో సార్జెంట్‌కి లెవెల్ 5, జేడబ్ల్యూఓకి లెవెల్ 6. మిలిటరీ సర్వీస్ పే ఇద్దరికీ ఒకటే, 5,200. ప్రమోషన్ వచ్చినప్పుడు ఒక ఇంక్రిమెంటు కలిపి, జీతాల పట్టికలో పై లెవెల్లో సరిపోయే గడిలో పెడతారు. అంటే మొదటి నెల జీతంలో కనిపించే తేడా మీరు అనుకున్నంత ఉండదు. పైగా ఎంఏసీపీ, అంటే ప్రమోషన్ లేకపోయినా సర్వీసును బట్టి జీతం పెంచే పథకం, దాని కింద 8, 16, 24 ఏళ్ల దగ్గర పై లెవెల్ జీతం ఇస్తారు కదా. ర్యాంకు రాకపోయినా, సర్వీసులో ఉండి 24 ఏళ్లు పూర్తి చేసిన సార్జెంట్ లెవెల్ 6కి చేరతాడు. అసలు లాభం 57 ఏళ్ల దాకా ఉండి, లెవెల్ 7 (వారంట్ ఆఫీసర్), లెవెల్ 8 (మాస్టర్ వారంట్ ఆఫీసర్) కూడా చూసి, పెద్ద జీతం మీద పెన్షన్ తీసుకునేవాడికి. రెండు మూడేళ్లు ఉండి వచ్చేద్దాం అనుకునేవాడు డబ్బు కోసం ఆగనక్కర్లేదు.

ఇక పని. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పానెల్ వచ్చినప్పుడు అందరూ జీతం లెక్క వేస్తారు, పని ఎలా మారుతుందో ఎవరూ అడగరు. సార్జెంట్‌గా విమానం మీది మూత తెరిచేది మీరు, టార్చి వేసి లోపలికి చెయ్యి పెట్టేది మీరు. జేడబ్ల్యూఓ అయ్యాక ఆ చెయ్యి ఇంకొకరిది. వాడు సరిగ్గా చేశాడా లేదా చూడాల్సిన కన్ను మీది, విమానం మరమ్మతుల రికార్డు ఫారం 700లో పడే సంతకాల బాధ్యత మీది. తెల్లవారుజామున ఫ్లయింగ్ ఉంటే ముందు రోజు సాయంత్రానికే ఎవరెవరు డ్యూటీకి వస్తారో తేల్చాలి. ఒకడి భార్యకు ప్రసవం, ఇంకొకడి చెల్లెలి పెళ్లి, ఇద్దరికీ సెలవు కావాలి, ఉన్నది ఒక్కరికే. ఎవరికి ఇచ్చినా రెండోవాడి ముఖం చూడాలి. స్పానర్ కనపడకపోతే అది దొరికేదాకా విమానం కదలదు, ఇంటికి ఎవరూ కదలరు, చివర్న బయటికి వచ్చేది మీరే. కొత్తగా అకాడమీ నుంచి వచ్చిన ఇంజనీరింగ్ ఆఫీసర్‌కి అన్నీ పుస్తకంలో తెలుసు. ఆ విమానానికి ఎక్కడ ఏ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుందో మీరు చెప్పాలి, అదీ ఆయన మాట తగ్గకుండా చెప్పాలి.

ఈ పని అద్భుతంగా చేసేవాళ్లున్నారు. నా మొదటి వారంట్ ఆఫీసర్ ఒడిశా ఆయన. స్పానర్ పట్టగా నేను చూడలేదు. కానీ సెక్షన్‌లోకి అడుగు పెట్టగానే ఏ కుర్రాడు రాత్రి నిద్రపోలేదో ఆయనకు తెలిసిపోయేది, వాణ్ణి ఆ రోజు విమానం దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. అలాంటివాళ్ల వల్లే విమానాలు క్షేమంగా తిరిగొస్తాయి. మనుషుల్ని కనిపెట్టుకుని ఉండటంలో ఆయనకు ఆనందం ఉండేది.

మీ ఉత్తరంలో ఆనందం ఎక్కడుందో చూశాను. లీకేజీ పట్టుకున్న దగ్గర ఉంది. కుర్రాళ్లకు నేర్పించడం గురించి, సెక్షన్ నడపడం గురించి ఒక్క మాటా లేదు. అది తప్పేమీ కాదు తమ్ముడూ. మంచి ఫిట్టర్‌గా ఉండటం తనకు తానే పెద్ద సంగతి. కాకపోతే మీకు అంత ఇష్టమైన పని నుంచి ఈ ప్రమోషన్ మిమ్మల్ని దూరం జరుపుతుంది.

ఇంటి విషయం మీకు నేను చెప్పేదేముంది. చెల్లెమ్మ ఉద్యోగం ఆ జిల్లాలో ఉంది, మీతో పాటు రాలేదు. ప్రమోషన్‌తో పాటు పోస్టింగ్ వచ్చే అవకాశం ఎక్కువ, అది అస్సాంలోని జోర్హాట్ కావచ్చు, గుజరాత్‌లోని నలియా కావచ్చు. మా పెద్దమ్మాయి ఇంటర్ చదివిన రోజుల్లో నేను తేజ్‌పూర్‌లో ఉన్నాను. మా ఆవిడ ఒక్కతే లాక్కొచ్చింది, కానీ అప్పుడు మా అత్తమామలు ఆరోగ్యంగా ఉండి పక్కనే ఉన్నారు. మీ ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషిని లేపి కూర్చోబెట్టేది మీ అమ్మగారు. ఆవిడ వయసు మీరు రాయలేదు. ఒకసారి గుర్తు చేసుకోండి.

ఊళ్లో మాట గురించి: ఇరవై ఏళ్లు యూనిఫాం వేసుకుని, మచ్చ లేకుండా, పెన్షన్‌తో వచ్చిన సార్జెంట్‌ని తక్కువగా చూసేవాడి అభిప్రాయం మీద జీవితం కట్టుకోకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త, పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఎంగేజ్‌మెంట్ పూర్తయి డిశ్చార్జి కావడం వేరు, ఎక్స్‌టెన్షన్ తీసుకుని మధ్యలో సొంత కోరిక మీద వెళ్తాననడం వేరు. 2015 నవంబరులో ఇచ్చిన ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) ఉత్తర్వుల్లో, ఇకపై సొంత కోరిక మీద డిశ్చార్జి తీసుకునేవాళ్లకు ఓఆర్ఓపీ వర్తించదని ఉంది. ‘ప్రమోషన్ తీసుకుని ఏడాది చూసి వచ్చేద్దాం’ అనే ఆలోచన అందుకే ప్రమాదం. ఉంటే మనసు పెట్టి ఉండండి, లేదా 2027లో తలెత్తుకుని రండి. ప్రమోషన్‌కి ఎక్స్‌టెన్షన్‌తో ముడి ఉందా, ఎన్నాళ్లు ఉండాలి అనేది క్రూ రూమ్ కబుర్ల మీద నమ్మొద్దు. ఆర్డర్లీ రూమ్‌కి, అంటే యూనిట్ ఆఫీసుకి, వెళ్లి ఉత్తర్వు చూపించమని అడిగి చదవండి.

బ్యాంకు సంగతి: మీ బావమరిది చెప్పింది మంచి మాటే. ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం ఉంది. వయసులోంచి మీ సర్వీసు, దానికి తోడు మూడేళ్లు తీసేస్తారు, అయితే 50 ఏళ్లు దాటకూడదు. ఎంగేజ్‌మెంట్ ముగియడానికి ఏడాది లోపు ఉన్నప్పుడే ఎన్ఓసీతో (ఎయిర్‌ఫోర్స్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రంతో) దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలుగు చదవడం రాయడం పదును పెట్టుకోండి, స్థానిక భాష పరీక్ష ఉంటుంది. ఇరవై ఏళ్లు హిందీలో బతికిన మనవాళ్లు అక్కడ తడబడటం చూశాను.

కానీ మీ చేతుల్ని కౌంటర్ వెనక పెట్టడం నాకు మనస్కరించడం లేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే విమాన మెయింటెనెన్స్ లైసెన్సు పరీక్షలు, కార్-66 అంటారు, అందులో బీ1 మెకానికల్ వైపుది. మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా ఇప్పటి నుంచే రాసుకుంటూ రావచ్చు. మన సర్వీసు అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు, దానికి తోడు సివిల్ విమానాల మీద కొంత అనుభవం కూడా అడుగుతారు. హైదరాబాద్ శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి చోట విమానాల పెద్ద తనిఖీలే జరుగుతాయి. విజయనగరానికి ఒక రాత్రి రైలు ప్రయాణం, నాన్నకు బాగోలేదంటే తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. మీ జిల్లాలోనే భోగాపురం విమానాశ్రయం ఉంది కదా అని మాత్రం దాని మీద ప్లాన్ వేసుకోకండి. విమానాశ్రయం ఉన్న ప్రతిచోటా పెద్ద మరమ్మతుల హ్యాంగర్ ఉండదు.

ఒకవేళ చెల్లెమ్మతో కూర్చుని మాట్లాడాక ఆవిడే ‘మీరుండండి, నేను చూసుకుంటాను’ అంటే, మీకూ సెక్షన్ నడపాలన్న కోరిక నిజంగా పుడితే, నా మాట పక్కన పెట్టి ఉండిపోండి. మాస్టర్ వారంట్ ఆఫీసర్ దాకా, అదృష్టముంటే ఆనరరీ కమిషన్ (గౌరవ ఆఫీసర్ హోదా) దాకా దారి ఉంది. అయితే ఆవిడకు పోస్టింగ్ సంగతి దాచకుండా చెప్పి అడగండి.

రావాలని తేల్చుకుంటే రెండు పనులు. కమ్యుటేషన్ కింద సగం పెన్షన్ దాకా ముందే తీసుకోవచ్చు, తీసుకున్న మేరకు పదిహేనేళ్లు నెలనెలా కోత ఉంటుంది. ఆ డబ్బుతో వెంచర్‌లో ప్లాటు కొనమని అడ్వాన్సు రసీదుతో సహా ఎవరో ఒకరు మీ ఇంటికి వస్తారు. కొత్త ఉద్యోగం కుదురుకునేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. రెండోది, రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పార్ష్‌లో చెల్లెమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో డిశ్చార్జికి ముందే, యూనిట్‌లో ఉండగానే సరిచూసుకోండి.