బ్రేకు వేళ్లల్లో, మలుపు కళ్లల్లో: అల్లునికి ఉత్తరం

హన్మకొండ

అల్లుడూ,

బైకు అడ్వాన్స్‌డ్ రైడింగ్ ట్రైనింగ్‌ల చేరుతా, ఏది మంచిదో చెప్పు మామా అని అడిగినవు. ఫోన్ల తేలే ముచ్చట కాదు, అందుకే రాస్తున్న. ట్రాక్ మీద మోకాలు నేలకు ఆనించి ఫొటో దిగుడు తర్వాత చూద్దాం. ముందుగాల నీ కుడిచేతి రెండు వేళ్లు, నీ రెండు కళ్లు దారికి రావాలె. దానికి వేలకు వేలు ఫీజు అక్కర్లేదు. ఆదివారం పొద్దున రెండు గంటలు, అడిగి పర్మిషన్ తీసుకున్న ఖాళీ జాగ, ఇసుక సగం నింపిన పది నీళ్ల సీసాలు, గిన్నెడు ముగ్గుపిండి ఉంటే చాలు. జాగ మాత్రం సిమెంటుదో తారుదో ఉండాలె. మట్టి గ్రౌండ్‌ల బ్రేకులు ప్రాక్టీస్ చేస్తే చెయ్యికి తప్పుడు లెక్క అలవాటైతది. పోంగనే ఒక చీపురు తీసుకపోయి ఇసుక ఊడ్చు. నవ్వకు, సగం మంది పడేది గా ఇసుక మీదనే.

ముందు బండి సంగతి. టైర్ల గాలి చల్లగున్నప్పుడే చూడాలె. పది కిలోమీటర్లు తిరిగొచ్చి పంక్చర్ షాపుల చూపిస్తే వేడికి ఎక్కువ చూపిస్తది, నువ్వు తీయించుకుంటవు, తెల్లారేసరికి తక్కువైతది. 150 సీసీ బండ్లు చాలావాటికి ముందు 25, వెనక 28 పీఎస్ఐ దగ్గర ఉంటది, వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఇంకా కొంత ఎక్కువ. నీ బండికి ఎంతో మాన్యువల్‌ల, లేకుంటే బండి మీది స్టిక్కర్ మీద ఉంటది, అదే ఆఖరు మాట. టైరు పక్కన నాలుగు అంకెలు చూడు: 2322 అంటే 2022ల 23వ వారం తయారైంది. గాట్లు మంచిగనే ఉన్నా ఆరేడేండ్ల టైరు మన ఎండలకు గట్టిపడి ఉంటది, వానల పట్టు ఇయ్యదు. చైన్ లూజు ఇంచు అటుఇటు. క్లచ్ లివర్ కొసన ఒక సెంటీమీటరు పైన ఖాళీ ఆట ఉండాలె. బ్రేకు లివర్ ఎత్తు నీ ముంజేయికి వరుసల పెట్టించుకో. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే, ఆపద వచ్చినప్పుడు వేళ్లు లివర్ మీదికి పోయేసరికే ఆలస్యమైతది.

ఇగ బ్రేకు. మనోళ్లకు చిన్నప్పటి నుంచి చెవిల పోసిన మాట ఒకటుంది: ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతవు. ఈ మాటతోనే చాలామంది వెనక బ్రేకు తొక్కి, బండి అడ్డం తిరిగి, లారీ కిందికి పోతున్నరు. బ్రేకు వేయంగనే బరువంతా ముందుకు వస్తది, ముందు టైరు రోడ్డుకు గట్టిగ అతుక్కుంటది, వెనకది తేలికైతది. అందుకే పొడి రోడ్డు మీద బండిని ఆపే బలంల ముప్పాతిక దాకా ముందు చక్రానిదే. పల్టీ కొట్టేది పట్టినందుకు కాదు, ఒక్కసారి గుంజినందుకు. బరువు ముందుకు రాకముందే గుంజితే తేలికగున్న టైరు లాకై, అంటే తిరుగుడు ఆగిపోయి, జారుతది.

చేసే తీరు ఇది. రెండు వేళ్లు లివర్ మీద పెట్టు. మొదట ఖాళీ ఆట తీసెయ్, ప్యాడ్లు డిస్కును అంటినట్టు తెలుస్తది. ఆ తర్వాత నిమ్మకాయ పిండినట్టు పిండు, ముందు ఫోర్కు కిందికి దిగుతది. దిగినాక ఇంకా గట్టిగ పిండు. ఇదంతా అర సెకను పని. వెనక బ్రేకు మెల్లగ తోడు. బండి ఆగబోయేటప్పుడు చెయ్యి కొద్దిగ వదులు, లేకుంటే ఆఖరున ముక్కు గుద్దుకున్నట్టు ఆగుతది. మోకాళ్లతో ట్యాంకును గట్టిగ అదుము. బరువు చేతుల మీద పడితే హ్యాండిల్ బిగుసుకుపోతది.

ముగ్గుపిండితోని ఒక గీత గియ్యి. గీత మీదికి ముందు చక్రం రాంగనే బ్రేకు మొదలుపెట్టు, ఎక్కడ ఆగినవో అడుగులతోని కొలువు. పొడి తారు మీద మంచిగ ఆపితే 30 స్పీడుకు 5 మీటర్లు, 40కి 9, 50కి 14, 60కి 20 మీటర్ల దగ్గర రావాలె. మొదటి వారం నీకు దీనికి ఒకటిన్నర రెట్లు వస్తది, అది మామూలే. 40 కుదిరినాకనే 50 పట్టు. ఇంకో లెక్క కూడా యాదుంచుకో: 60ల ఉన్నప్పుడు బర్రె అడ్డం వచ్చిందని నువ్వు చూసి వేళ్లు కదిపేసరికే ఒక సెకను, అంటే దాదాపు 17 మీటర్లు పోయినట్టే. ఊర్ల దగ్గర వేళ్లు లివర్ మీదనే ఉంచుకుంటే గా సెకనుల కొంత తిరిగొస్తది.

బ్రేకు గట్టిగ పట్టినా చక్రం లాక్ కానియ్యని ఏబీఎస్ ఉంది కదా మామా అంటవు. 125 సీసీ పైన కొత్త మోడల్ బండ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసిన్రు. అయితే చాలా 150 సీసీ బండ్లకు అది ముందు చక్రానికే. వెనకది లాకైతది. వెనక చక్రం లాకై బండి పక్కకు పోతుంటే పెడల్ గబుక్కున వదలకు. వదిలితే టైరుకు మళ్లీ పట్టు దొరికి నిన్ను ఎత్తి అవతల పడేస్తది. ఏబీఎస్ లేని బండికి ముందు చక్రం లాకైతే మాత్రం వెంటనే వదిలి మళ్లీ పట్టు.

మెల్లగ నడుపుడు చాలామందికి నామోషీ. నిజానికి ఎవని చేతివాటం ఎంతో అక్కడనే తేలుతది. ఐదు సీసాలు మూడున్నర మీటర్ల దూరంల వరసగ పెట్టి వాటి నడుమ నుంచి తిప్పు. ఆ తర్వాత ఆరు మీటర్ల వెడల్పుల యూటర్న్. రేసు ఒక్కతీరుగ కొద్దిగ ఇచ్చి ఉంచు, క్లచ్ సగంల ఆడించు, వెనక బ్రేకు కొద్దిగ తొక్కి పెట్టు. బండి ఇంజను గుంజుడుకు, బ్రేకు ఆపుడుకు నడుమ నిలబడ్డట్టు ఉంటది. హ్యాండిల్ పూర్తిగ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకు, బండి ఆ పక్కకే పడుతది. తల భుజం మీంచి తిప్పి, పోవాల్సిన చోటు చూడు. సీసాను చూస్తే సీసా మీదికే పోతవు. రోడ్డు మీద గుంతను చూస్తే గుంతలకే పోయేది కూడా ఇందుకే.

స్పీడుల బండి తిరిగేది హ్యాండిల్ తిప్పితే కాదు, తోస్తే. 40ల పోతూ కుడిచేతి పిడిని కొద్దిగ ముందుకు తోయి, బండి కుడికి వంగుతది. తెలియకుండా అందరూ చేసేదే ఇది. తెలిసి చేస్తేనే ఆపదల పనికొస్తది. గుంత తప్పించేటప్పుడు బ్రేకు, తోపు ఒక్కసారే చెయ్యకు. బ్రేకు వదిలి తప్పించు, లేకుంటే నిటారుగ ఆపు.

ఇగ మలుపులు. తాడ్వాయి అడవి తొవ్వల, కెరమెరి ఘాటుల ఇది పనికొస్తది. మలుపుల రోడ్డు రెండు అంచులు దూరంగ ఒక్కటైనట్టు కనబడే చోటు ఒకటి ఉంటది, కళ్లు దాని మీద పెట్టు. అది నీ దిక్కే వస్తున్నట్టుంటే మలుపు బిగుస్తున్నది, స్పీడు తగ్గించు. దూరం జరుగుతుంటే మలుపు విప్పుకుంటున్నది, మెల్లగ రేసు ఇయ్యి. బ్రేకు, గేరు పనులు మలుపుకు ముందే అయిపోవాలె. వంగినాక రేసు కొద్దిగ, ఒక్కతీరుగ ఉంటే షాకప్‌లు నిలకడగ పనిచేస్తయ్.

మలుపుల బండి పోవాల్సిన దారి అని ట్రాక్ మీద చెప్పే లైన్ మన రోడ్డు మీద పనికిరాదు. అక్కడ రోడ్డంతా నీదే, ఇక్కడ సగంల సగం. ఎడమ మలుపుల ముందు కనబడాలంటే నీ లేన్‌ల కుడికి జరగాలె, కాని ఎదురుంగ వచ్చే ఇసుక లారీ మలుపు కోసుకుంటూ గా గీత మీదనే వస్తది. కాబట్టి గీతకు కనీసం మీటరు ఎడం ఉంచు. కుడి మలుపుల చక్రం గీత లోపలనే ఉన్నా, వంగినప్పుడు నీ తల గీత దాటి అవతలి లేన్‌ల ఉంటది. ఇది చాలామందికి తట్టదు. మలుపుల ఎక్కువ స్పీడైందని భయపడి బ్రేకు గుంజితే బండి నిటారై సీదా పొలంలకు పోతది. భయపడ్డప్పుడు తల ఇంకా తిప్పు, పిడి ఇంకా కొద్దిగ తోయి. బండి నువ్వు అనుకున్నదాని కంటే ఎక్కువనే వంగుతది.

వడ్లు కోసేటప్పుడు, మక్కలు ఆరబోసేటప్పుడు ఇంకో లెక్క. సగం రోడ్డు మీద వడ్లు, అంచుకు రాళ్లు. టైరు కింద గింజలు సైకిల్ గోలీల తీరు దొర్లుతయ్. ముందే స్పీడు తగ్గించు, గింజల మీద బండి నిటారుగ ఉండాలె, ముందు బ్రేకు వద్దు, హ్యాండిల్ గట్టిగ పట్టకు. వడ్లు ఎత్తుకపోయినాక రాళ్లు రోడ్డు మీదనే మిగులుతయ్. రాత్రిపూట నల్ల టార్పాలిన్, దాని పక్కన లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ. గా రెండు నెలలు చీకటి పడ్డాక 50 దాటకు. మొదటి వాన పడ్డ అరగంట కూడా అంతే, రోడ్డు మీది నూనె తేలుతది.

ట్రైనింగ్‌కు పోతనంటే పో, వద్దనను. కాని పోయే ముందు మూడు సంగతులు అడుగు: ఒక్క కోచ్‌కు ఎంతమంది? ఆరుగురు దాటితే నిన్ను చూసేటోడు ఉండడు. ఒక్కొక్కసారి ఒక్క తప్పే చెప్తడా? ఐదు చెప్తే ఒక్కటి కూడా ఎక్కదు. మొదట నీ బండి టైర్లు, లివర్లు చూస్తడా? చూడకుండనే వంగుడు నేర్పేటోని దగ్గర డబ్బులు పెట్టకు. ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉన్నయ్. రైడింగ్ కోచ్ కీత్ కోడ్ 1980ల అమెరికాల పెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ శిబిరాలు కూడా గా ఇరుంగట్టుకోట్టైల జరిగినయ్. అక్కడ నేర్పేది మంచిదే, అయితే 40 నుంచి 9 మీటర్లల్ల ఆపుడు వచ్చినోనికే అది ఒంటబడుతది.

ఐఎస్ఐ హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లే పట్టాలె, మూడు పడితే వదులు. మే నెల ఎండల కూడా చేతులకు గ్లౌజులు తీయకు. రాత్రికి నల్ల అద్దం వైజర్ వద్దు, తెల్లది కొనుక్కో.

ఈ ఆదివారం గీత గీసి 30తోని మొదలుపెట్టు. పది సార్లు ఆపి, పది కొలతలూ కాగితం మీద రాసి నాకు పంపు. ఎక్కువ తక్కువలు ఎంతున్నయో చూసి తర్వాత ఏం చెయ్యాల్నో చెప్త. అక్కకు చెప్పు, ముగ్గుపిండి ఎక్కడికి పోయిందని తిట్టకుండ.

మీ మామ