రెండు గొంతుల పూతోరినో

ప్రశ్న: న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల్లో కవిత్వం, పాట, కథ కలిపి వినిపించేవాళ్లు ఉన్నారట. ఎవరితో మొదలుపెట్టాలి? భాష రాకపోతే బోరు కొడుతుందేమో?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: నన్నడిగితే హిరిని మెల్బోర్న్ (1949–2003) పాటలతో మొదలుపెట్టండమ్మా. న్యూజిలాండ్‌లోని తూహోయ్ తెగవారు. వైకాటో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. పిల్లల నోట మావోరీ భాష ఆడాలని పక్షుల మీద, పురుగుల మీద చిన్నచిన్న పాటలు కట్టారు. ముందు అవే వినండి.

తర్వాత, వాద్యకారుడు రిచర్డ్ నన్స్‌తో కలిసి 1994లో తెచ్చిన ‘తే కూ తే ఫే’ ఆల్బమ్. వాడుక తప్పిపోయిన మావోరీ వాయిద్యాలకు వీళ్లిద్దరూ మళ్లీ ఊపిరి పోశారు. వాటిలో నాకు ప్రాణం పూతోరినో. చెక్కను నిలువునా చీల్చి, లోపల తొలిచి, మళ్లీ జత చేసి కట్టేస్తారు. నడుము దగ్గర ఉబ్బి, కొసలు సన్నబడి ఉంటుంది. బూరలా ఊదితే మగ గొంతు, వేణువులా ఊదితే ఆడ గొంతు పలుకుతుంది!

ఆ ఆకారానికో కథ ఉంది. వేణునాద దేవత హినె రౌకతౌరి, పుల్లలూ ఆకులూ చుట్టుకున్న గూడులో ఉండే చిమ్మటగా మారింది. ఆడ చిమ్మటకు రెక్కలుండవు, గూడు విడిచి పోదు. లోపలి నుంచే జతగాడిని పిలుస్తుంది. పూతోరినోది ఆ గూడు ఆకారమే, ఆ పిలుపే దాని పాట అంటారు.

భాష గురించి టెన్షన్ వద్దు. ఈ కథ మనసులో పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఊపిరి చప్పుడు కూడా తెలుస్తుంది.